యాసిడ్‌కి ముందు హార్వీ డెంట్

మొన్న దసరా సెలవులకి మా బాబాయి కొడుకు ఇంటికొచ్చాడు. ఇంటర్ చదువుతున్నాడు. రాత్రి అన్నాలయ్యాక ఇద్దరం కూర్చుని 'ది డార్క్ నైట్' పెట్టుకున్నాం. వాడికి మొదటిసారి, నాకు ఎన్నోసారో లెక్కలేదు. సినిమా సగం దాటాక ఆస్పత్రి సీను వచ్చింది. సగం ముఖం కాలిపోయిన హార్వీ డెంట్ మంచం మీద నుంచి గోర్డన్‌ని నిలదీస్తాడు, డిపార్ట్‌మెంటులో నాకు వెనకాల ఏం పేరు పెట్టుకున్నారో చెప్పు అని. గోర్డన్ చెప్పలేక చెప్పలేక చెప్తాడు, టూ-ఫేస్ అని. మావాడు అక్కడ పాజ్ నొక్కాడు.

"అన్నయ్యా, ముఖం ఇప్పుడు కదా కాలింది. పేరు ముందే ఎలా ఉంది?"

డెంట్ అంతకుముందు పోలీసుల మీద విచారణ జరిపే విభాగంలో ఉండేవాడు, ఆ కోపంతో పోలీసులు అలా పిలిచేవాళ్ళు అని చెప్పి మళ్ళీ ప్లే నొక్కించాను. జవాబు కరెక్టే. కానీ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇన్నేళ్ళూ నేను ఈ కథని ఒకే వాక్యంలో చెప్పుకుంటూ వచ్చాను: మంచి లాయరు, ముఖం కాలింది, విలన్ అయ్యాడు. మా ఉద్యోగంలో ఒక పద్ధతి ఉంది. ప్రోగ్రాం ఇవాళ చెడిపోయిందని తెలిస్తే, పాత వెర్షన్లు ఒక్కొక్కటీ తీసి నడిపి చూస్తాం, తప్పు అసలు ఎప్పుడు దూరిందో పట్టుకోడానికి. చాలాసార్లు అది మనం అనుకున్న రోజుకి ఎంతో ముందే దూరి కూర్చుని ఉంటుంది. హార్వీ డెంట్‌ విషయంలో నేను చేసిందీ అదే. కొన్ని వారాలపాటు వాడి పాత వెర్షన్లు తిరగేశాను.

మొదట ఆ ఉద్యోగం సంగతి చెప్పాలి. గోథమ్ సిటీ ఊహానగరమే గానీ డిస్ట్రిక్ట్ అటార్నీ ఊహ కాదు. మన దగ్గర పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ని ప్రభుత్వం నియమిస్తుంది. మన జిల్లా పీపీ పేరేంటంటే మనలో చాలామంది చెప్పలేం. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఆ పదవికి ఎన్నికలుంటాయి. పోస్టర్లు, బ్యాడ్జీలు, ఉపన్యాసాలు అన్నీ ఉంటాయి. ఎంతమందిని లోపల వేయించాడన్నదే అభ్యర్థి ప్రోగ్రెస్ రిపోర్టు. కాబట్టి అక్కడ ప్రాసిక్యూటర్ పుట్టుకతోనే సగం లాయరు, సగం రాజకీయ నాయకుడు. రెండు ముఖాలు ఆ కుర్చీకే ఉన్నాయి.

1930ల్లో ఆ కుర్చీని హీరో కుర్చీగా మార్చినవాడు థామస్ డ్యూయీ. ఈ పేరు మీకు ఒక ఫోటో ద్వారా తెలిసే ఉంటుంది. 1948 అధ్యక్ష ఎన్నికల్లో డ్యూయీ గెలిచేశాడని చికాగో ట్రిబ్యూన్ తొందరపడి అచ్చేస్తే, నిజంగా గెలిచిన ట్రూమన్ ఆ పేపర్ని ఎత్తి పట్టుకుని నవ్వుతుంటాడు, అందులో ఓడిపోయినవాడు ఈయనే. అంతకు పన్నెండేళ్ళ ముందు, 1936లో, న్యూయార్క్‌లో స్పెషల్ ప్రాసిక్యూటర్‌గా లక్కీ లూచియానో అనే మాఫియా పెద్దని జైలుకి పంపి దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. మరుసటేడు మన్‌హాటన్ డిస్ట్రిక్ట్ అటార్నీగా గెలిచాడు. 1942లో న్యూయార్క్ గవర్నరయ్యాడు. ఆ ఊపులోనే 1939లో 'మిస్టర్ డిస్ట్రిక్ట్ అటార్నీ' అనే రేడియో నాటకం మొదలైంది. తర్వాత 1948లో బ్యాట్‌మన్‌ని అచ్చేసే సంస్థే దాన్ని కామిక్‌గా కూడా తెచ్చింది.

లూచియానో కేసులో ఇంకో ముక్క ఉంది. డ్యూయీ అతన్ని పట్టుకున్నది హత్యల కేసులో కాదు, వ్యభిచార గృహాల కేసులో. సాక్షుల్లో చాలామంది ఆ గృహాల్లోని ఆడవాళ్ళే. వాళ్ళని విచారణ దాకా నిర్బంధంలో ఉంచారు. తీర్పయ్యాక కొందరు ముఖ్య సాక్షులు తాము చెప్పింది అబద్ధమన్నారు, కోర్టు వాళ్ళ కొత్త మాట నమ్మలేదు. ముప్పై నుంచి యాభై ఏళ్ళ శిక్ష పడింది. పదేళ్ళు తిరక్కుండానే, 1946లో, యుద్ధంలో నౌకాదళానికి సాయం చేశాడన్న పేరు మీద లూచియానో శిక్ష తగ్గించి ఇటలీకి పంపేశారు. ఆ ఫైలు మీద సంతకం పెట్టిన గవర్నర్ డ్యూయీయే. డ్యూయీ చెడ్డవాడని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. చట్టాన్ని పట్టుకు వేలాడే మనిషి చేతుల్లో కూడా చట్టం ఎంత సాగుతుందో అప్పటి పేపర్లు చదివేవాడికి తెలుసు, అంతే.

ఆ వాతావరణంలో, 1942 ఆగస్టు తేదీతో వచ్చిన డిటెక్టివ్ కామిక్స్ 66వ సంచికలో మన మనిషి పుట్టాడు. అప్పుడు అతని పేరు హార్వీ కెంట్. సూపర్‌మన్ అసలు పేరు కూడా క్లార్క్ కెంట్ కావడంతో తర్వాత డెంట్ చేశారు. రాసింది బిల్ ఫింగర్, సంతకం బాబ్ కేన్‌ది. (బ్యాట్‌మన్ సృష్టిలో ఫింగర్ వాటాని సంస్థ అధికారికంగా ఒప్పుకుని పేరు వేసింది 2015లో. ఆయన పోయింది 1974లో. రెండు ముఖాల కథకి కూడా ఒక ముఖమే కనబడిందన్నమాట.) జెకిల్-హైడ్ కథ నీడ ఇందులో ఉందని కేన్ చెప్పుకున్నాడు.

కథ ఎనభై ఏళ్ళు దాటినా ఇంకా చదివిస్తుంది. హార్వీ ఎంత అందగాడంటే పత్రికలు అతన్ని అపోలో అంటాయి. కోర్టులో మొరోనీ అనే గూండా మీద హత్య కేసు నడుస్తుంటుంది. నేరం జరిగిన చోట దొరికిన మొరోనీ లక్కీ నాణెం, రెండు వైపులా బొమ్మే ఉన్న వెండి డాలరు, హార్వీ కోర్టుకి చూపిస్తాడు. మొరోనీ కడుపుమండి యాసిడ్ విసురుతాడు. అక్కడే ఉన్న బ్యాట్‌మన్ అడ్డుపడబట్టి సగం ముఖమే కాలుతుంది. హార్వీ ప్రేమించిన గిల్డా శిల్పి. తన కోసం ఆమె చెక్కిన విగ్రహం ముఖాన్ని కూడా అతను సగం పాడుచేస్తాడు. ఆ సాక్ష్యపు నాణేన్నే తీసుకుని ఒక వైపు గీతలు పెడతాడు. ఇక ప్రతి పనికీ దాన్ని ఎగరేయడమే: మంచి వైపు పడితే దానం, గీతల వైపు పడితే దోపిడీ.

రెండువైపులా బొమ్మ ఉన్న నాణెం అనగానే మనకి షోలేలో జై గుర్తొస్తాడు కదా. జై చివరిదాకా ఆ నాణెంతో స్నేహితుణ్ణి మోసం చేసింది తను చావడానికి. హార్వీ మాత్రం ఆ నాణేన్ని నిజంగానే బొమ్మా బొరుసుగా మార్చుకున్నాడు, నిర్ణయం తన మీద లేకుండా పోవడానికి. కథ ఆఖర్లో బ్యాట్‌మన్ లొంగిపొమ్మని బతిమాలితే నాణెం ఎగరేస్తాడు. అది నేలమీద పగులులో నిలువుగా ఇరుక్కుని నిలబడిపోతుంది. అక్కడితో ఆ నెల కథ ఆపేశారు. పది సెంట్లు పెట్టి కొన్న పిల్లాడు ఏమైపోయుంటాడో!

గమనించాల్సింది ఏంటంటే, ఈ మొదటి వెర్షన్‌లో తప్పు పూర్తిగా బయటినుంచే వస్తుంది. యాసిడ్‌కి ముందు హార్వీ మచ్చలేని మనిషి. కాబట్టి ముఖం బాగైతే మనిషి బాగవ్వాలి. అలాగే అయింది. 1943 అక్టోబరు సంచికలో ప్లాస్టిక్ సర్జరీ చేయించి, గిల్డాని కలిపి, కథ కంచికి పంపేశారు. ఆ తర్వాత పదేళ్ళూ అసలు డెంట్ మంచివాడుగానే ఉంటే, టూ-ఫేస్ వేషంలో వేరేవాళ్ళు నేరాలు చేసే కథలు రాశారు. ఒకసారి అతని బట్లరు, ఒకసారి అతని పాత్ర వేసే నటుడు. ఇవి చదవకపోయినా మీరు పోగొట్టుకునేది లేదు. కానీ వాటి వెనక మొహమాటం నాకు ఆసక్తిగా అనిపించింది. విలన్ కావాలి, ప్రాసిక్యూటర్ మాత్రం విలన్ కాకూడదు.

1954 ఫిబ్రవరిలో బ్యాట్‌మన్ 81వ సంచికలో అసలు డెంట్‌నే మళ్ళీ చెడగొట్టారు. ఒక దొంగతనం ఆపబోయి పేలుడులో ముఖం మళ్ళీ పాడైంది. ఇక సర్జరీ కుదరదన్నారు. ఆ తర్వాత పదిహేడేళ్ళు అతను లేడు. అరవైల్లో పాప్ రంగులతో ఊగిపోయిన బ్యాట్‌మన్ టీవీ సీరియల్లో కూడా లేడు.

ఆ ముఖం పిల్లలకి మరీ భయంకరంగా ఉంటుందని పక్కన పెట్టారనే మాట తరచూ వినిపిస్తుంది. ఉండొచ్చు. కానీ 1954లో ఇంకోటి జరిగింది. కామిక్స్ పిల్లల్ని పాడుచేస్తున్నాయని ఫ్రెడ్రిక్ వెర్తమ్ అనే సైకియాట్రిస్టు పుస్తకం రాశాడు, సెనేట్ ఉపసంఘం విచారణలు పెట్టింది. భయపడిన ప్రచురణకర్తలు తమకు తామే ఒక నియమావళి రాసుకున్నారు. దాన్ని అమలు చేయడానికి న్యూయార్క్ మేజిస్ట్రేట్ ఒకాయన్ని తెచ్చి కూర్చోబెట్టారు. ఆ కామిక్స్ కోడ్‌లో రక్తం, పిశాచాలు, ఒంటి మీద బట్టలు, ఇలాంటి నిబంధనలు చాలా ఉన్నాయి. అన్నింటి మధ్యలో నన్ను ఆపింది ఒకటి: పోలీసుల్ని, జడ్జీల్ని, ప్రభుత్వ అధికారుల్ని, గౌరవనీయమైన వ్యవస్థల్ని అధికారం మీద అగౌరవం కలిగేలా ఎప్పుడూ చూపించకూడదు. దాని దగ్గర్లోనే ఇంకొకటి, నేరస్థుడి మీద జాలి పుట్టేలా కథ ఉండకూడదు.

ఈ రెండు నియమాల పక్కన హార్వీ డెంట్‌ని నిలబెట్టి చూడండి. అతను ప్రభుత్వాధికారి, నేరస్థుడు, పైగా జాలి పుట్టిస్తాడు. జోకర్‌కి ఈ ఇబ్బంది లేదు, వాడు ఏ కుర్చీలోంచీ రాలేదు. అందుకే జోకర్ ఆ ఏళ్ళలో జోకులేసుకుంటూ బతికిపోయాడు. 1971 మొదట్లో కోడ్‌ని సవరించారు. అధికారి తప్పు చేసినట్టు చూపించొచ్చు, కాకపోతే అది అరుదైన సందర్భమని చెప్పాలి, శిక్ష పడాలి. అదే ఏడాది ఆగస్టులో, బ్యాట్‌మన్ 234లో, డెన్నిస్ ఓ'నీల్ రచనలో నీల్ ఆడమ్స్ బొమ్మలతో టూ-ఫేస్ తిరిగొచ్చాడు. తేదీలు పక్కపక్కన పెట్టుకుంటే నాకు ముఖం భయంకరమన్న కారణం ఒక్కటే చాలదనిపిస్తుంది.

'అరుదైన సందర్భం' అన్న మాట దగ్గర కాసేపు ఆగాలనిపించింది. మన సినిమాల్లో కూడా చూడండి, ఒక చెడ్డ ఇన్‌స్పెక్టర్ ఉంటే పైన తప్పకుండా ఒక మంచి కమిషనర్ ఉంటాడు. నియమం ఎవరూ రాయకపోయినా మనం పాటిస్తూనే ఉంటాం.

అక్కణ్ణుంచి రచయితలు ఒక్కొక్కరూ తప్పుని యాసిడ్‌కి ముందుకి జరుపుతూ వచ్చారు. 1986లో ఫ్రాంక్ మిల్లర్ 'ది డార్క్ నైట్ రిటర్న్స్'లో డెంట్ ముఖానికి మళ్ళీ సర్జరీ చేయించాడు. రెండు వైపులా అందంగా వచ్చింది. కానీ లోపల మిగిలినవాడు కాలినవాడే. 1943 వైద్యం ఇక పనిచేయలేదు. మరుసటేడు అదే మిల్లర్ 'ఇయర్ వన్'లో ఇంకా పాత డెంట్‌ని చూపించాడు, అసిస్టెంట్ డిస్ట్రిక్ట్ అటార్నీగా ఉన్న రోజుల్లో. గోర్డన్ వచ్చి బ్యాట్‌మన్ గురించి ప్రశ్నలడుగుతుంటే డెంట్ తనకేం తెలియనట్టు జవాబులు చెప్తుంటాడు. బ్యాట్‌మన్ అప్పుడు అతని టేబుల్ కింద దాక్కుని ఉంటాడు. చదువుతున్నప్పుడు నవ్వొచ్చే చిన్న బొమ్మ అది. ఒక ప్రాసిక్యూటర్ ఆఫీసులో కూర్చుని పోలీసుకి అబద్ధం చెప్తున్నాడని ఎవరికి తోస్తుంది? మనకి ఇష్టమైనవాడి కోసం చెప్తున్నాడు కదా.

1990 వార్షిక సంచికలో బాల్యం వచ్చింది. తాగొచ్చే తండ్రి రోజూ రాత్రి నాణెం ఎగరేసేవాడు. బొమ్మ పడితే కొడతాడు. నాణేనికి రెండు వైపులా బొమ్మే. ఆ నాణెమే కొడుకు దగ్గరికి చేరింది. ఈ మార్పు నాకు పూర్తిగా నచ్చదు. బాల్యంలో దెబ్బలు తిన్నవాళ్ళంతా ఏమవుతారు మరి? పైగా తప్పుని ఆఫీసులోంచి ఇంట్లోకి తోసేసినట్టు ఉంటుంది. 1992 యానిమేషన్ సీరియల్ ఇంతకన్నా సున్నితంగా చేసింది. అందులో హార్వీ చిన్నప్పుడు తనని ఏడిపించేవాణ్ణి ఒక్క గుద్దు గుద్దుతాడు. వాడు ఆస్పత్రిలో చేరాడని తెలుస్తుంది. ఆ అపరాధభావంతో కోపమంతా జీవితాంతం లోపల పూడ్చేసుకుంటాడు. నిజానికి ఆ పిల్లాడు చేరింది అపెండిసైటిస్‌తో. చేయని తప్పు వల్ల అంత జరిగిందా అని ఇప్పటికీ ఆ ఎపిసోడ్ చూస్తే అయ్యో అనిపిస్తుంది.

1996-97ల్లో పదమూడు సంచికలుగా వచ్చిన 'ది లాంగ్ హాలోవీన్' మళ్ళీ ఆఫీసుకే తీసుకొచ్చింది. జెఫ్ లోబ్ రాశాడు, టిమ్ సేల్ బొమ్మలేశాడు. రాత్రిపూట మేడ మీద ముగ్గురు కలుస్తారు, డెంట్, గోర్డన్, బ్యాట్‌మన్. రోమన్ అని పిలిచే మాఫియా పెద్దని పట్టుకోవాలి. అందుకోసం చట్టాన్ని వంచుదాం గానీ విరవొద్దు అని మాటనుకుంటారు. ఆ ముగ్గురిలో ఒకడు ముసుగులో ఉన్నాడని గుర్తుపెట్టుకోండి. ఎంత వంచితే విరిగినట్టో కొలిచేవాడు నాలుగోవాడు అక్కడ లేడు. తర్వాత కోర్టులో యాసిడ్ పడుతుంది, 1942లో లాగే. కానీ ఈసారి ఆ సీసాని ముద్దాయి చేతికి అందించినవాడు డెంట్ దగ్గర పనిచేసే అసిస్టెంటే.

ఇప్పుడు మావాడు పాజ్ చేసిన సినిమాకి వస్తాను. క్రిస్టఫర్ నోలన్ సినిమాలో యాసిడ్ లేదు, ఇంధనంలో తడిసిన ముఖం పేలుడులో కాలుతుంది. నాణెం తండ్రిది, రెండువైపులా బొమ్మే. దానితో డెంట్ మొదటినుంచీ నవ్వుతూ మోసం చేస్తుంటాడు, అదృష్టాన్ని తనే తయారుచేసుకుంటానని. ముఖం కాలడానికి ముందు ఒక సందు సీను ఉంది. జోకర్ మనుషుల్లో ఒకణ్ణి డెంట్ అంబులెన్సులో ఎత్తుకెళ్ళి, కట్టేసి, తలకి తుపాకీ పెట్టి నాణెం ఎగరేస్తాడు. అప్పటికి అతని ముఖం రెండు వైపులా శుభ్రంగా ఉంది, ఒంటి మీద సూటుంది, పదవి ఉంది. కట్టేసి ఉన్నవాడు మానసిక రోగి. బ్యాట్‌మన్ వచ్చి ఆపుతాడు.

2008లో ఆ సినిమాని హైదరాబాదులో కాలేజీ స్నేహితులతో చూశాను. ఆ సందు సీనుకి మేం విజిల్ వేశాం. డెంట్‌కి ఇప్పటికైనా కోపం వచ్చిందిరా అనుకున్నాం.

అదే ఏడాది డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. మా కాలేజీ అక్కడికి రెండు గంటల దూరం. ఆ అమ్మాయిలు మా ఈడువాళ్ళు, మా లాంటి పుస్తకాలే చదువుతున్నవాళ్ళు. వాళ్ళలో ఒకరు కొన్ని వారాలకి కన్నుమూశారు. దాడి జరిగిన కొద్ది రోజులకే ముగ్గురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. దాడి చేయబోతే ఆత్మరక్షణ కోసం కాల్చామని పోలీసులు చెప్పారు. కేసు కోర్టు మెట్లెక్కనే లేదు. మా హాస్టల్ టీవీ గదిలో ఆ వార్తకి లేచిన అరుపులు నాకింకా గుర్తున్నాయి, ఎందుకంటే అందులో నా గొంతు కూడా ఉంది. ఒక్కడు మాత్రం, మా బ్యాచ్‌వాడే, ముగ్గురూ చేశారని ఎవరు తేల్చార్రా అని అడిగాడు. మీ చెల్లికి జరిగితే ఇలాగే మాట్లాడతావా అన్నాం. అతను లేచి వెళ్ళిపోయాడు. పేపర్ కటింగ్ ఒకటి నోటీసు బోర్డు మీద సెమిస్టర్ పరీక్షల దాకా ఉంది. ఆ ప్రశ్న అడిగినవాడు నాలుగో సంవత్సరం చివరిదాకా మాతో పెద్దగా కలవలేదు. నేనూ కలుపుకోలేదు.

ఈ రెంటినీ అప్పట్లో నేను పక్కపక్కన పెట్టి చూళ్ళేదు. యాసిడ్ అనే మాట రెండింట్లోనూ ఉన్నా తోచలేదు. సినిమాలో ముఖం కాలినవాడు విలన్, కాబట్టి ముఖం కాలని డెంట్ ఏం చేసినా హీరోయే. నా బుర్రలో లెక్క అంతే ఉండేది.

సినిమా చివర డెంట్ చనిపోయాక బ్యాట్‌మన్ వంగి అతని తలని తిప్పుతాడు, బాగున్న వైపు పైకి కనబడేలా. హత్యలన్నీ తన మీద వేసుకుంటాడు. 2012లో వచ్చిన తర్వాతి భాగంలో ఆ అబద్ధం మీద ఒక చట్టం నిలబడుతుంది, డెంట్ చట్టం. దాని కింద వందలమందికి పెరోల్ లేదు. నిజం రాసుకున్న ఉపన్యాసాన్ని గోర్డన్ జేబులో పెట్టుకుని తిరుగుతాడు గానీ చదవడు. చివరికి దాన్ని ఊరందరి ముందూ చదివేది బేన్ అనే విలన్. ఇక్కడ నోలన్ తప్పించుకున్నాడనిపిస్తుంది నాకు. నిజాన్ని చెడ్డవాడి నోట పెడితే, వినేవాళ్ళు నిజం సంగతి వదిలేసి చెడ్డవాడి సంగతే చూస్తారు. ఆ జైల్లో ఉన్నవాళ్ళలో ఎవరి కేసు ఏంటో సినిమా ఒక్కసారి కూడా అడగదు.

సంక్రాంతికి మావాడు మళ్ళీ వచ్చాడు. "దొరికిందా అన్నయ్యా, ఎప్పుడు చెడిపోయాడో?" అన్నాడు, గాలిపటం దారం చుడుతూ. ఆ సందు సీను పెట్టి చూపించాను.

"ఇక్కడ బ్యాట్‌మన్ వచ్చి ఆపేశాడుగా, కాల్చలేదుగా" అన్నాడు.

"ఏమని ఆపాడో విను."

విన్నాడు. ఇది ఎవరైనా చూస్తే ఇన్నాళ్ళు కష్టపడి లోపలేసినవాళ్ళంతా బయటికొచ్చేస్తారు, నువ్వు ఇలా కనబడకూడదు అన్నదే బ్యాట్‌మన్ బాధ. కట్టేసి ఉన్నవాడి గురించి చెప్పింది, వాడికి మతి సరిగా లేదు, అడిగినా ఏం దొరకదు అని. మావాడు దారం పక్కన పెట్టి రిమోట్ తీసుకున్నాడు. వెనక్కి తిప్పి మళ్ళీ మొదటినుంచి పెట్టాడు.